ఒప్పుకోలు పాఠం

ఫిబ్రవరి 2

కొత్త పాఠాన్ని పరీక్షించే టీచర్లు రోజువారీ పుస్తకం రాయాలని కింద విద్యాకేంద్రం వాళ్ళ నియమం. అందుకే మొదలుపెడుతున్నాను. నా పేరు శరణ్య. మబ్బుకొండ బడిలో మూడు, నాలుగు తరగతులు నావి. ఇద్దరు తక్కువ ఇరవై మంది పిల్లలు.

పొద్దున మంచు బాగా పట్టింది. పెద్ద తరగతుల వాళ్ళు శిఖరం మీద మంచునీటిని పట్టే వలలు దులిపితే బడి తొట్టిలోకి నలభై లీటర్లు దిగాయి. ఒక్కొక్కరి సీసాలో బడి వాటా నాలుగు గ్లాసులు పోసి ఇచ్చాను. తర్వాత ఒప్పుకోలు పాఠం.

ఈ పాఠం నేను తయారుచేసిందే. సముద్రం మీదికి రాకముందు డెల్టాలో బతికిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, అప్పట్లో నేలకీ నీటికీ తాము చేసిన చెడు ఏమిటో పిల్లల ముందు నిలబడి చెప్పాలి. పిల్లలు ప్రశ్నలు అడగకూడదు, వినాలి. వాళ్ళ చేతి కడియాలు గుండె వేగాన్నీ ఊపిరినీ చూసి ‘కదలిక’ అనే ఒక అంకె ఇస్తాయి. వందకి డెబ్బై దాటితే పాఠం మనసుకి తగిలినట్టు లెక్క.

ఈరోజు వచ్చింది వీరబాబు తాత. ఎనభై అయిదేళ్ళ మనిషి. ఒకప్పుడు డెల్టాలో అరవై ఎకరాల రొయ్యల చెరువులు నడిపాడు. ఆ ఉప్పు నీళ్ళు భూమిలోకి దిగి చుట్టుపక్కల మూడు ఊళ్ళ మంచినీటి బావులు పాడయ్యాయి. ఆయన మునిమనవరాలు లౌక్య నా తరగతిలోనే ఉంది. తొమ్మిదేళ్ళది. తల్లిదండ్రులు కింద సముద్రపు గోడ పనిలో ఉంటే, తాతా తనూ కొండ మీద ఏడో వరుస ఇళ్ళలో ఉంటారు.

నిన్న ఆయన చెప్పబోయేది నాకు ముందుగా వినిపించాడు. చిన్నప్పుడు కాలవలో ఈత కొట్టడం, బల్లకట్టు మీద బడికెళ్ళడం, మొదటిసారి రొయ్యలు పట్టిన రోజు గట్టు మీద వండిన పులుసు, ఇలా అరగంట సాగింది. అదంతా తీసేయమన్నాను. నవ్వొచ్చే ముక్కలుంటే కదలిక పడిపోతుంది. చివర్లో ఒక వాక్యం నేను రాసిచ్చాను: “మీ వాటా నీళ్ళు నేనే తాగేశాను.”

“అలా అనాలాండి? నేను తాగలేదు కదండి, చెడగొట్టాను” అన్నాడు.

“చెడగొట్టడమంటే పిల్లలకి తెలియదు తాతగారూ. తాగడమంటే తెలుస్తుంది” అన్నాను.

లౌక్యని ముందు వరుసలో కూర్చోబెట్టాను. ఆయన ఆ వాక్యం అంటూ దానివైపే చూశాడు. పిల్లలు ఏడ్చారు. తరగతి కదలిక ఎనభై ఒకటి.

ఫిబ్రవరి 6

కేంద్రం నుంచి మెచ్చుకుంటూ కబురు వచ్చింది. ఈ కొండల్లో ఇంతవరకూ ఏ పాఠానికీ ఎనభై రాలేదట. నెలన్నర గమనించి, నిలకడగా ఉంటే మిగతా బడులకి పంపుతారట.

ఇంట్లో అమ్మకి చెప్పాను. అమ్మ పేరు మౌనిక, డెబ్బై రెండేళ్ళు. తన బడి రోజుల్లో పర్యావరణం పాఠమంటే ఊరేగింపేనంది. ఎండలో నినాదాలు అరుచుకుంటూ నడిస్తే, చివర ప్లాస్టిక్ కప్పుల్లో నిమ్మరసం పోసేవాళ్ళట. ఆ కప్పులు అక్కడే కాలవలో పారేసి ఇళ్ళకి పోయేవాళ్ళట. చెబుతూ తనే నవ్వింది. నా చిన్నప్పుడు ఊరేగింపులు పోయి సైరన్లు వచ్చాయి. వారానికోసారి సైరన్ మోగితే బల్లల మీదికెక్కి నిలబడేవాళ్ళం. గోడ మీద మునిగిపోతున్న మనుషుల బొమ్మలు చూపించేవారు. రెండేళ్ళ తర్వాత సైరన్ మోగుతుంటే మేము పళ్ళూడిన టీచర్ని అనుకరిస్తూ ఆడుకునేవాళ్ళం. భయం అరిగిపోతుంది. సిగ్గు అరగదని నా నమ్మకం. అందుకే ఈ పాఠం.

“మరి నన్నెప్పుడు పిలుస్తావే?” అని అడిగింది అమ్మ.

చెరువులకి అనుమతి కాగితాలు రాసిన ఆఫీసులో అమ్మ పదకొండేళ్ళు పనిచేసింది. వీరబాబు తాత కాగితం కూడా తన చేతి మీదుగానే వెళ్ళి ఉండొచ్చు. పెద్దల జాబితాలో అమ్మ పేరు పక్కన నేను ‘ఆరోగ్యం బాగాలేదు’ అని రాసి నెల దాటింది. అదే చెప్పాను.

ఫిబ్రవరి 15

తొట్టిలో నీటి కొలత చూపే ముల్లు సరిగా లేదు. సాయంత్రం చూస్తే ఉండాల్సిన దానికన్నా ముప్పాతిక లీటరు ఎక్కువ చూపిస్తోంది. నిన్నా అంతే, మొన్నా అంతే. తక్కువైతే కంగారు పడాలి గానీ ఎక్కువైతే ఏముందని వంటమ్మ నవ్వింది. ముల్లు బాగుచేసేవాళ్ళకి చీటీ పంపాను.

లౌక్యలో మార్పు గమనించాను. తొట్టి మూత తుడిచే పని రోజూ తనకే ఇమ్మని అడుగుతోంది. మునుపు అల్లరి ఎక్కువ, ఇప్పుడు చేతులు కట్టుకుని కూర్చుంటుంది. పాఠం పనిచేసిన తీరుకి ఉదాహరణగా ఈ అమ్మాయి గురించి కేంద్రానికి రాశాను.

ఫిబ్రవరి 23

వీరబాబు తాత రెండోసారి చెప్పాడు. తరగతి మొత్తానికి డెబ్బై తొమ్మిది. లౌక్య ఒక్కదానికే తొంభై ఆరు. ఇలాంటి అంకె నేనెప్పుడూ చూడలేదు. గుండె అంత వేగంగా కొట్టుకుంది మరి. ఆ కాగితాన్ని గోడకి అంటించాను.

పాఠం అయ్యాక ఆయన వెళ్ళకుండా నిలబడ్డాడు. ఇంకోసారి తనని పిలవొద్దని అడిగాడు. పిల్ల తనతో సరిగ్గా మాట్లాడడం లేదని, అన్నం కెలికి వదిలేస్తోందని, తలనొప్పంటోందని చెప్పాడు. మనసు కదిలినప్పుడు కొన్నాళ్ళు అలాగే ఉంటుంది, తర్వాత మంచి పౌరురాలవుతుంది, మీరు ఓపిక పట్టాలని చెప్పాను. ఆయన తలూపాడు. టీచరు చెప్పిందంటే నమ్మే తరం.

మార్చి 4

మంచు తగ్గిపోయింది. బడి వాటా మూడు గ్లాసులకి దించాం. అయినా తొట్టిలో అర లీటరు పైనే ఎక్కువ చూపిస్తోంది. ముల్లు మార్చి వారమైంది, కాబట్టి ముల్లు తప్పు కాదు. వలల దగ్గర కొలతలోనే పొరపాటు ఉండాలి.

లౌక్య లెక్కల పీరియడ్‌లో బల్ల మీద తల వాల్చి నిద్రపోయింది. పెదవులు పగిలి ఉన్నాయి. పిల్లలందరికీ చలికి పగులుతాయి కదా అనుకున్నాను. చలి వెళ్ళిపోయి పది రోజులైంది.

మార్చి 11

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదిన్నరకి పాఠం మొదలైంది. ఈసారి చెబుతున్నది రెండో వరుస నుంచి వచ్చిన ఇంకో పెద్దాయన. నేను వెనక నిలబడి, కడియాల అంకెలు కనిపించే పలక చూస్తున్నాను. లౌక్య అంకె తొంభై దాటింది, తొంభై ఏడైంది, తొంభై తొమ్మిదైంది. గుండె వేగం నూట యాభై ఆరు. నాకు సంతోషమేసింది. కేంద్రానికి ఏం రాయాలో వాక్యం కూడా మనసులో కూర్చుకుంటున్నాను. అప్పుడు ఏదో కిందపడిన చప్పుడైంది. తల ఎత్తి చూస్తే లౌక్య బల్ల పక్కన పడి ఉంది.

ముందు అంకె చూశాను. తర్వాత పిల్లని చూశాను. ఈ ముక్క రాయకుండా వదిలేద్దామని చాలాసేపు ఆలోచించాను.

బడి నర్సు రోజీ సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. చేతి మీది చర్మం చిటికెతో పట్టి వదిలితే అలాగే నిలబడిపోయింది. నాలుక అట్టలా ఉంది. ఎన్నాళ్ళనుంచి నీళ్ళు తాగడం లేదీ పిల్ల అని అడిగింది. రోజూ వాటా పోస్తున్నానని చెప్పాను. “పోయడం కాదు టీచర్, తాగడం ఎవరైనా చూశారా?” అంది. ఎవరూ చూడలేదు. కొండ దిగే తీగబండిలో వేసి కింద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వీరబాబు తాత చెప్పుల్లేకుండా వచ్చి బండెక్కాడు.

గుండె వేగానికి కారణం మనసు కదలడం కాదు. ఒంట్లో నీళ్ళు లేకపోవడం. ఫిబ్రవరి 23 నాటి తొంభై ఆరు కూడా అదే.

మార్చి 13

సిస్టర్ కింద నుంచి కబురు చేసింది. ప్రాణానికి ప్రమాదం తప్పింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఎంతవరకు కోలుకుంటాయో ఇప్పుడే చెప్పలేమన్నారట.

లౌక్య సిస్టర్‌తో అంతా చెప్పింది. బడిలో ఇచ్చిన నీళ్ళన్నీ మూత తుడిచే నెపంతో తొట్టిలో తిరిగి పోసేసేదట. ఇంట్లో కూడా సగమే తాగి, మిగతాది తాత కుండలో కలిపేసేదట. తాత అందరి వాటా తాగేశాడు కాబట్టి ఇంట్లోవాళ్ళెవరో ఒకరు తిరిగి ఇవ్వాలి, తాతకి వయసైపోయింది, అమ్మానాన్నలు ఇక్కడ లేరు, అందుకని తను ఇస్తోందట. ఎన్నాళ్ళు ఇస్తే సరిపోతుందో మాత్రం టీచర్ చెప్పలేదని అందట.

తొట్టిలో లెక్క తేలని నీళ్ళు పిల్ల నోటి దగ్గరివి. వాటితో మేము అన్నం వండుకున్నాం, చేతులు కడుక్కున్నాం.

ఈ పుస్తకంలో ముందు పేజీలు చింపేయాలనిపించింది. ముఖ్యంగా ‘ఉదాహరణగా రాశాను’ అన్న పేజీ. రెండుసార్లు వేళ్ళతో పట్టుకుని వదిలేశాను. గోడకి అంటించిన కాగితం మాత్రం తీసేశాను. పిల్లలు చూస్తుండగానే తీశాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగకూడదని నేర్పింది నేనే.

మార్చి 20

ఆసుపత్రికి వెళ్ళాను. లౌక్య తల్లి నన్ను చూసి బయటికి వెళ్ళిపోయింది. ఆమెని తప్పు పట్టలేను. వీరబాబు తాత మంచం పక్కన చిన్న గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. గంటకి ఇంతని తాగించాలట. పిల్ల ప్రతి గుక్కకీ ముందు ఆయన ముఖం చూస్తోంది, తాగొచ్చా అన్నట్టు. ఆయన ప్రతిసారీ తలూపుతున్నాడు.

నన్ను క్షమించమని అడిగాను. ఏం మాటలన్నానో సరిగ్గా గుర్తులేదు. లౌక్య విని, “మరి తాత తాగలేదా?” అంది.

తాగలేదనేస్తే తేలిక. కానీ అది కూడా ఇంకో రకంగా రాసిచ్చిన మాటే అవుతుంది. తాత చెరువులు తవ్వాడు, ఊళ్ళ బావులు ఉప్పగా అయిపోయాయి, అది నిజమని చెప్పాను. నీ వాటా తాగాడన్నది మాత్రం ఆయన మాట కాదు, నేను రాసిచ్చానని చెప్పాను.

“మీరెందుకు రాశారు టీచర్?”

“మీరంతా ఏడుస్తారని.”

అది కాసేపు నా వైపే చూసింది. కోపం లేదు. అర్థం కాని లెక్క బోర్డు మీద ఉంటే చూసే చూపు అది. తర్వాత తల అటు తిప్పుకుంది.

వీరబాబు తాత తలుపు దాకా వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“నేను చేసింది నేను చేశానండి. అది మీరు నెత్తినెట్టింది కాదు. నిలబడి చెప్పమంటే ఇప్పుడైనా చెప్తాను” అన్నాడు. కాస్త ఆగి, “కానీ ఆ మాట నాది కాదని తెలిసీ అన్నాను చూడండి, దాని ముఖం చూస్తా అన్నాను. అది నాకు ఆ చెరువుల కంటే ఎక్కువ బరువుగా ఉందండి” అన్నాడు.

ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళి గ్లాసు తీసుకున్నాడు.

మార్చి 27

కేంద్రానికి అంతా రాశాను. అంకెలు తప్పని, పిల్ల ఒంట్లో నీళ్ళు లేక పడిపోతుంటే దాన్ని నేను మంచి ఫలితంగా పంపానని, పాఠాన్ని వెనక్కి తీసుకోవాలని రాశాను. జాబితాలో మా అమ్మ పేరు పక్కన నేను రాసింది అబద్ధమని కూడా రాశాను.

ఈరోజు జవాబు వచ్చింది. జరిగిన దానికి విచారిస్తున్నారట. నా నిజాయితీని మెచ్చుకున్నారట. అయితే ఫలితాలు బాగున్నందువల్ల నెలన్నర ఆగకుండా, మార్చి నెల మొదట్లోనే పాఠాన్ని ముప్పై నాలుగు బడులకి పంపేశారట. ఇకనుంచి పాఠానికి ముందు పిల్లలు ఒక గ్లాసు నీళ్ళు తాగాలనే నియమం చేరుస్తారట.

అమ్మకి చదివి వినిపించాను. మొత్తం విన్నాక, “నన్ను దాచిపెట్టింది నా పరువు కోసమా, నీ పరువు కోసమా?” అని అడిగింది. నా కోసమేనని చెప్పాను. ఆ మాట చెప్పడానికి ఎంత కష్టపడ్డానో తలుచుకుంటే, వీరబాబు తాతని పిల్లల ముందు రెండుసార్లు ఎలా నిలబెట్టానో నాకే అర్థం కావడం లేదు.

“ఆ కాగితాల్లో నేను ఒక్కటి కూడా ఆపలేదే” అంది అమ్మ, కూర తరుగుతూనే. “ఆపొచ్చని కూడా తోచలేదు. ఎవరైనా అడిగితే చెబుదామని ఇన్నాళ్ళూ ఉన్నాను.”

ఏప్రిల్ 9

లౌక్య ఇంటికొచ్చింది. ఒక మూత్రపిండం సగమే పనిచేస్తుందట. నా తరగతికి రాదు. పై వరుస బడిలో చేర్చారు. దారిలో ఎదురైతే నమస్తే టీచర్ అంటుంది, ఆగదు. అది దాని హక్కు.

మా బడిలో పాఠం ఆపేశాను. ఆ పీరియడ్‌లో ఏం చెప్పాలో తెలియక పిల్లలని వలల దగ్గరికి తీసుకెళ్ళి చిరిగిన చోట్ల కుట్టిస్తున్నాను. నేను ఎటు నడిస్తే అటు చూస్తారు. ఎప్పుడు బాధపడాలో చెబుతానని ఎదురు చూస్తున్నట్టుంటారు.

ముప్పై నాలుగు బడుల పేర్లూ తెప్పించాను. ఉత్తరం రాస్తే చదివి పక్కన పెడతారు. నేనే వెళ్ళాలి.

ఏప్రిల్ 16

మొదటిది పొగమెట్ట బడి. తెల్లారి బయల్దేరి నడిస్తే పదకొండింటికి చేరాను. నేను వెళ్ళేసరికి తరగతిలో పాఠం మొదలవుతోంది. హర్ష అనే కుర్ర టీచరు వెనక పలక పట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా నేను నిలబడే చోటే. పిల్లల ముందు ఒక ముసలావిడ నిలబడి ఉంది. లావణ్య మామ్మ అంటారట. చేతిలో కాగితం ఉంది. ఆ కాగితం మీది మాటలు ఎవరివో నాకు చూడకుండానే తెలుసు.

హర్షని బయటికి పిలిచి జరిగిందంతా చెప్పాను. నా పేరు వినగానే ఆ అబ్బాయి ముఖం వెలిగింది, మీ పాఠమే కదండీ అన్నాడు. మిగతాది చెబుతుంటే ఆ వెలుగు నెమ్మదిగా పోయింది. పలక కట్టేశాడు. పిల్లల కడియాలు తీయించాడు.

నేను లోపలికెళ్ళి మామ్మతో, ఈరోజు చెప్పక్కర్లేదండీ, కూర్చోండి అన్నాను. కుర్చీ జరిపాను.

ఆవిడ కూర్చోలేదు.

“ఈ కాగితం నువ్వు తీసుకోమ్మా. ఇది నాకు చదవడం రావట్లేదు” అని నా చేతిలో పెట్టింది. “చెప్పడం మాత్రం చెప్పనీ. ఇన్నేళ్ళకి అడిగారు.”

ఆపడానికి వచ్చాను. ఆపే హక్కు ఉందో లేదో తెలియలేదు. వెళ్ళి చివరి వరుసలో పిల్లల పక్కన నేల మీద కూర్చున్నాను. హర్ష కూడా వచ్చి కూర్చున్నాడు.

ఆవిడ మామూలు గొంతుతో చెప్పింది. కాలవ సముద్రంలో కలిసే చోట తమ పొలం ఉండేదట. దాని అంచున మడ చెట్లు దట్టంగా ఉండేవట. గాలివానొస్తే అవే అడ్డం. చెరువు తవ్వించడానికి నలభై మంది కూలీలని పెట్టి మూడు రోజుల్లో కొట్టించిందట. కొట్టిన రోజున చెట్ల మీది పక్షుల గోలకి తలుపులేసుకుని కూర్చున్నామంది. తర్వాత వచ్చిన ఉప్పెనకి ఊరు పోయిందని కూడా అదే గొంతుతో చెప్పింది. ఏడవలేదు. పిల్లలూ ఏడవలేదు. ముందు వరుసలో ఒకడు ముక్కు గోక్కుంటున్నాడు.

చెప్పడం అయిపోయింది. నా పక్కన కూర్చున్న పిల్ల చెయ్యెత్తింది. ఎత్తి, తప్పు చేశానేమోనని హర్ష వైపు చూసింది. ఆ అబ్బాయి నా వైపు చూశాడు. నేను తలూపాను.

“మామ్మా, చెట్లు కొట్టొద్దని ఎవరూ అనలేదా?” అని అడిగింది.

“మా అత్తగారంది. చెట్టుకి అడ్డంగా నిలబడింది. నేను చెయ్యి పట్టుకుని పక్కకి లాగేశాను.”

అప్పుడు ఆవిడ కుర్చీలో కూర్చుంది.

“ఆవిడ పేరేంటి?” అని అడిగింది పిల్ల.

లావణ్య మామ్మ నోరు తెరిచి ఆగిపోయింది. పెళ్ళైన నాటి నుంచీ అత్తయ్యా అనే పిలిచింది కదా. ఆ పేరు గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు పట్టింది. మేమెవరమూ తొందరపెట్టలేదు.